పాత బ్లాక్ అండ్ వైట్ సస్పెన్స్ సినిమా ఎలా చూడాలి? సైకో (1960) తో మొదలెట్టండి

పాత సస్పెన్స్ సినిమా చూద్దామని మొదలెట్టి అరగంట కాకుండానే ఫోన్ చేతిలోకి తీసుకునేవాళ్ళే ఎక్కువ, ఏమైందంటే స్లోగా ఉంది, భయమేం వెయ్యట్లేదు అంటారు. నిజమే, ఇప్పటి హారర్‌కి అలవాటు పడ్డ కళ్ళకి అవి భయం పుట్టించకపోవచ్చు. అసలు వాటి ఆటే వేరు. మీరు ఎవరి పక్షాన ఉన్నారు అన్నదే ఆ ఆట, మీకు తెలీకుండా మిమ్మల్ని ఒకరి పక్కకి చేరుస్తాయి, కాసేపయ్యాక మెల్లగా ఇంకొకరి పక్కకి జరుపుతాయి, మీరేమో అదంతా మీ సొంత నిర్ణయమే అనుకుంటూ కూర్చుంటారు. దీనికి హిచ్‌కాక్ తీసిన సైకోని మించిన ఉదాహరణ నాకైతే దొరకలేదు కాబట్టి ఆ ఒక్క సినిమానే పట్టుకుని చెప్తాను, ఇందులో చాలామటుకు ఆ కాలం థ్రిల్లర్లన్నిటికీ పనికొస్తుంది. మొదటి భాగం సినిమా చూడనివాళ్ళ కోసం, అందులో కథ బయటపెట్టను. ఎక్కడ ఆపాలో మధ్యలో చెప్తాను, అక్కడ ఆపేసి సినిమా చూసి రండి.

ముందు టీవీ సంగతి చూడండి, సగం నష్టం అక్కడే జరిగిపోతుంది. కొత్త టీవీల్లో కదలికలు నున్నగా కనపడ్డానికి మోషన్ స్మూతింగ్ అని ఒకటి ఆన్ అయ్యి ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, ఏ పేరున్నా ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు కల్పించి దూర్చేసరికి అది సీరియల్ లాగా తయారవుతుంది. పిక్చర్ మోడ్ వివిడ్‌లోనో డైనమిక్‌లోనో ఉంటే సినిమా మోడ్‌కో ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చండి. బ్లాక్ అండ్ వైట్ బొమ్మకి రంగు పిచ్చి ఉండదు కదా ఏ మోడ్ అయితేనేం అనుకోవద్దు, వివిడ్‌లో తెలుపు నీలంగా కొడుతుంది, మధ్యలో ఉండే బూడిద షేడ్‌లు ఎగిరిపోతాయి, ఇలాంటి సినిమాలో అసలు సరుకంతా ఉండేది ఆ బూడిదలోనే. గదిలో లైట్లు ఆపేయండి, మరీ చీకటి కళ్ళకి ఇబ్బంది అనిపిస్తే టీవీ వెనకాల చిన్న లైటు ఒకటి ఉంచుకోండి, స్క్రీన్ మీద మాత్రం వెలుగు పడకూడదు.

పైనా కిందా కానీ పక్కల కానీ నల్ల పట్టీలు వస్తే జూమ్ చేసి నింపకండి. 1950ల మొదటిదాకా వచ్చినవి దాదాపు చదరంగా ఉంటాయి, వాటికి పక్కల నలుపు రావాల్సిందే. సైకో థియేటర్లో వెడల్పు ఫ్రేములో చూపించడానికి తీసింది, నిండా నలుచదరంగా కనపడే కాపీ మీకు దొరికితే అది పాత టీవీ కోసం చేసింది అనుకోండి, ఇంకోటి వెతుక్కోండి. ఏ పాత సినిమా అయినా రంగులద్దిన వెర్షన్ దొరికిందని సంబరపడి అది మాత్రం పెట్టకండి దయచేసి.

సౌండ్ దగ్గర ఒక్కటే మాట. ఆప్షన్లలో మోనో (అంటే సౌండ్ అంతా ఒకే చోటు నుంచి వచ్చే) ట్రాక్ ఉంటే దాన్నే పెట్టుకోండి, తర్వాత చుట్టూ స్పీకర్ల కోసం చేసిన 5.1 మిక్స్ కూడా ఉంది, బానే ఉంటుంది కానీ సంగీత దర్శకుడు హెర్మన్ మ్యూజిక్ ఒకే దిక్కు నుంచి మొహం మీదకి రావడంలో ఉన్న ఇరుకు అందులో కాస్త పోతుంది. బెర్నార్డ్ హెర్మన్ ఈ సినిమాకి తీగ వాయిద్యాలు తప్ప ఇంకేం వాడలేదు, డ్రమ్ములు లేవు బాకాలు లేవు, వయొలిన్లూ వాటి అన్నదమ్ములే. డైలాగులు వేగంగా ఉంటాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ ఏం కాదు.

ఇప్పుడు చూసే పద్ధతి. దీని గురించి ఏమీ చదవకండి, పోస్టర్ల కింద కామెంట్లు కూడా వద్దు, ట్రైలర్ అసలే వద్దు (ఆ ట్రైలర్ మహా తమాషాగా ఉంటుంది, హిచ్‌కాకే సెట్ అంతా తిప్పి చూపిస్తూ మాట్లాడతాడు, సినిమా అయ్యాక చూడండి). 109 నిమిషాలు లేవకుండా ఒకేసారి చూడండి. 1960లో ఇది రిలీజైనప్పుడు షో మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వలేదు, చేతి గడియారం వైపు వేలు పెట్టి చూపిస్తున్న హిచ్‌కాక్ కటౌట్లు థియేటర్ల ముందు నిలబెట్టారు. అమెరికాలో అప్పటి జనం సినిమాకి మధ్యలో వెళ్ళి కూర్చుని, తర్వాతి షోలో తాము వచ్చిన చోటు దాకా చూసి లేచిపోయేవాళ్ళు, ఆ అలవాటు మీదే దెబ్బ కొట్టాడు. విమర్శకులకి కూడా ముందుగా షో వెయ్యలేదు, జనంతో పాటు టికెట్ క్యూలో నిలబడి చూశారు, కొంతమందికి ఒళ్ళు మండింది కూడా. మధ్యలో వెళ్ళి కూర్చుంటే ఏం పోతుందో సినిమా చూశాక మీకే తెలుస్తుంది.

చూస్తున్నంతసేపూ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి చాలు: ఇప్పుడు నేను ఎవరు దొరక్కూడదు అనుకుంటున్నాను? మొదట్లోనే తెర మీద ఫీనిక్స్ ఊరు, డిసెంబర్ 11, శుక్రవారం, మధ్యాహ్నం 2:43 అని పడుతుంది, అంత కచ్చితంగా టైం ఎందుకు చెప్తున్నాడో ఆలోచిస్తూ ఉండండి. మారియన్ అనే ఆఫీసు ఉద్యోగిని బ్యాంకులో కట్టమని ఇచ్చిన 40,000 డాలర్లతో ఊరు దాటుతుంది, ఈ మాత్రం చెప్తే ఏం చెడిపోదు, ఇది మొదటి పావుగంట కథే. ఆవిడ చేసింది దొంగతనం. మీరు మాత్రం ఆ నల్ల కళ్ళద్దాల పోలీసు కారు కిటికీలోంచి తొంగి చూసినప్పుడు ఎవరి కోసం ఊపిరి బిగబట్టారో చూసుకోండి.

హిచ్‌కాక్ సస్పెన్స్‌కీ షాక్‌కీ తేడా చెప్పడానికి ఒక బాంబు ఉదాహరణ ఇచ్చేవాడు, ఇద్దరు కూర్చుని ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నారు, టేబుల్ కింద బాంబు పేలింది, మనకి 15 సెకన్ల షాక్. అదే బాంబు ఉందని మనకి ముందే చూపిస్తే అవే పిచ్చి కబుర్లు 15 నిమిషాల సస్పెన్స్ అవుతాయి, అదే తేడా. అందుకని స్లోగా ఉంది అనిపించిన ప్రతిచోటా ఇక్కడ నాకు తెలిసి వాళ్ళకి తెలియనిది ఏంటి అని అడగండి. చాలాసార్లు జవాబు ఆ ఫ్రేములోనే ఉంటుంది, హ్యాండ్‌బ్యాగ్‌లోనో న్యూస్‌పేపర్ మడతలోనో.

సరే ఇక్కడ ఆపండి. చూడనివాళ్ళు వెళ్ళి చూసి రండి, ఇక్కడి నుంచి దాపరికం లేదు.

రెండోసారి చూడ్డం ముక్కలు ముక్కలుగా చెయ్యండి, మొత్తం మళ్ళీ అక్కర్లేదు. ముందుగా వానలో కారు నడిపే సీన్ సౌండ్ మ్యూట్ చేసి చూడండి. ఒకావిడ కారు నడుపుతోంది, కళ్ళు చికిలిస్తోంది, వైపర్లు ఆడుతున్నాయి, అంతే, సూపర్‌మార్కెట్‌కి వెళ్తోందన్నా నమ్మొచ్చు. ఇప్పుడు సౌండ్ పెట్టి అదే ముక్క చూడండి. ఈ ఒక్క పరీక్షతో బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అంటే ఏంటో వంద వీడియోలు చూసినా అర్థం కానంత అర్థమవుతుంది.

తర్వాత షవర్ సీన్, అదే మారియన్ హత్య. దీని మీద అందరూ చెప్పేది చెప్తారు, మీరు చెయ్యాల్సింది మాత్రం స్పీడ్ సగానికి తగ్గించి చూడ్డం. 1959 డిసెంబర్‌లో వారం రోజులు పట్టింది ఈ సీన్‌కి, 78 కెమెరా సెటప్‌లు, 52 కట్‌లు అని లెక్క. స్లోలో చూస్తే కత్తి ఒంట్లోకి దిగినట్టు చూపించే ముక్క దాదాపు లేదని తెలుస్తుంది, కత్తి ఒక షాట్, ఒళ్ళు ఇంకో షాట్, నోరు ఇంకోటి, కలిపి కుట్టింది మన బుర్రే. రక్తం చాక్లెట్ సిరప్, కత్తి చప్పుడు పుచ్చ జాతి పండుని పొడిచి రికార్డ్ చేసింది. హిచ్‌కాక్ ఈ సీన్‌కి మ్యూజిక్ వద్దన్నాడు, హెర్మన్ వినకుండా రాసి వినిపించాడు, విన్నాక ఆయన ఒప్పుకున్నాడు. ఇక బ్లాక్ అండ్ వైట్ ఎందుకు అంటే, అంతకుముందు ఏడాది ఆయన తీసింది పెద్ద కలర్ సినిమా, కాబట్టి రంగు చేతకాక కాదు, రంగులో ఇంత రక్తం మరీ వికారంగా ఉంటుందన్నది ఒక కారణం, ఖర్చు ఇంకో కారణం. తన టీవీ సిరీస్ యూనిట్‌నే పెట్టుకుని సుమారు 8 లక్షల డాలర్లలో లాగించేశాడు, కెమెరామన్ జాన్ రస్సెల్ కూడా అక్కడివాడే.

కానీ నా లెక్కలో సినిమాకి గుండెకాయ షవర్ సీన్ కాదు, దాని తర్వాతది. ఇది మాత్రం ముక్కలు చెయ్యకుండా చూడండి. మన మనిషి అనుకున్న మారియన్ సగం సినిమా కూడా కాకుండానే పోయింది, జానెట్ లీ అంత పేరున్న నటిని అంత తొందరగా చంపేస్తాడని ఎవరూ అనుకోలేదు, ఇక మనం పట్టుకోడానికి ఎవరూ లేరు. అప్పుడు మోటెల్ నడిపే నార్మన్ వచ్చి బాత్‌రూం కడుగుతాడు. తుడుస్తాడు, పిండుతాడు, మళ్ళీ తుడుస్తాడు, మాటల్లేవు, చాలాసేపు నడుస్తుంది, ఎందుకింతసేపు అని విసుగు కూడా వస్తుంది, ఆ విసుగులోనే మనం అతని పనిలో పడిపోతాం, అదిగో అక్కడ మరక మిగిలింది తుడువు అనుకునేదాకా వెళ్తాం. తర్వాత కారుని ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ ఠక్కున ఆగిపోతుంది. అక్కడ పాజ్ కొట్టి మీ మనసులో ఏం అనుకున్నారో నిజాయితీగా చెప్పుకోండి. మునుగు, మునుగు అని కదా? ఐదు నిమిషాల క్రితం ఆ కారు మన మనిషిది, అందులో ఉన్నది ఆవిడ శవం, మనం ఇప్పుడు సాక్ష్యం మాయం కావాలని కోరుకుంటున్నాం. నార్మన్ పక్కకి మనల్ని ఎప్పుడు జరిపాడో కూడా తెలీలేదు. నార్మన్‌గా వేసిన ఆంథోనీ పెర్కిన్స్ అక్కడ ఏదో నములుతూ నిలబడతాడు చూడండి, ఆ మిఠాయి నమలడం ఆయన సొంత ఐడియానే.

డిటెక్టివ్ మెట్లెక్కే సీన్ కూడా ఈ లెక్కలోనే. హిచ్‌కాక్‌కి జ్వరం వచ్చి ఆ రోజు షూటింగ్ అసిస్టెంట్‌కి అప్పజెప్తే, రెయిలింగ్ మీద చెయ్యి, మెట్ల మీద పాదాలు అంటూ ముక్కలు తీశారు. ఎడిటింగ్‌లో చూసి హిచ్‌కాక్ పక్కన పడేశాడు, చేతులూ కాళ్ళూ విడిగా చూపిస్తే వాడే ఏదో చెడ్డ పని మీద వెళ్తున్నట్టుంది, అమాయకుడు అనిపించాలి అని. ఫైనల్‌లో మనిషి మొత్తం మామూలుగా ఎక్కుతూ వస్తాడు, సరిగ్గా సమయానికి కెమెరా ఇంటి కప్పు దాకా పైకి లేస్తుంది. పైనుంచి చూపించడం గొప్ప కోసం కాదు, నార్మన్ తల్లి మొహం దాచడానికి. మొహం ఊరికే దాస్తే దాస్తున్నాడని పట్టేస్తాం కదా, అందుకని కోణమే అలా పెట్టేశాడు.

టైం ఉంటే అద్దాలు లెక్కపెట్టండి, పక్షులు లెక్కపెట్టండి, మారియన్ లోదుస్తులు దొంగతనానికి ముందు తెలుపు తర్వాత నలుపు, ఇలాంటివి సరదాగా ఉంటాయి కానీ వీటిని పట్టుకుని పరిశోధన మొదలెట్టకండి.

చివర్లో సైకియాట్రిస్ట్ వచ్చి అంతా వివరించే సీన్ ఉంది, నాకు ఎన్నిసార్లు చూసినా బోరే. అప్పటి జనానికి అవసరమేమో. దాన్ని దాటేయాలనిపిస్తే దాటేయండి, కానీ దాని తర్వాత నార్మన్ ఒంటరిగా కూర్చున్న షాట్ దగ్గర ఆగండి, ఆ నవ్వు మసకబారి కట్ అయ్యేముందు రెప్పపాటులో మొహం మీద పుర్రె కలుస్తుంది, మామూలుగా చూస్తే అనుమానంగా మాత్రమే తెలుస్తుంది, ఫ్రేమ్ బై ఫ్రేమ్ వెనక్కి నడిపితే దొరుకుతుంది.

బాగా పట్టేసిందనుకుంటే 1998లో ఇదే సినిమాని గస్ వాన్ సాంట్ దాదాపు షాట్‌కి షాట్ కలర్‌లో మళ్ళీ తీశాడు, పూర్తిగా చూడక్కర్లేదు, షవర్ సీనూ ఊబి సీనూ రెండిట్లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. కోణాలు అవే, మ్యూజిక్కూ అదే, మరి ఎక్కడ తేడా కొడుతోందో మీరే వెతకండి.

తర్వాత ఏం చూడాలంటే, 1955లో ఫ్రాన్స్‌లో క్లూజో తీసిన లే డయబాలిక్ పెట్టండి, అది కూడా బాత్‌రూం చుట్టూనే తిరుగుతుంది, ఆఖర్లో కథ మీ ఫ్రెండ్స్‌కి చెప్పొద్దని తెర మీద రాసి మరీ బతిమాలతారు. దానికి ముందు మాత్రం రెండు మూడు రోజులు గ్యాప్ ఇవ్వండి, వెంటవెంటనే చూస్తే ప్రతి ఫ్రేములోనూ క్లూలు వెతకడం మొదలెడతారు, అలా చూస్తే అది పనిచెయ్యదు.