కంటైనర్ గ్యారేజీలో కారు మీద నీటి చుక్కలు: నా అనుభవం

పాత షిప్పింగ్ కంటైనర్‌ను కారు గ్యారేజీగా వాడుతున్నాను. వాన లేని రోజుల్లో కూడా పొద్దున్నే కారు మీద నీటి చుక్కలు కనిపించేవి. పైకప్పుకు చిల్లు పడిందేమోనని టెన్షన్ పట్టుకుంది. లోపల నిలబడి తలుపులు మూయించి చూస్తే ఎక్కడా వెలుతురు చొరబడలేదు. అంటే అది లోపలి గాలిలోని తేమే. రాత్రి ఉక్కు రేకు తొందరగా చల్లబడుతుంది, తేమ దానికి పట్టి చుక్కలుగా రాలుతుంది. కంటైనర్‌కు ముందే ఉండే గాలి రంధ్రాలు మరీ చిన్నవి, ఇలాంటి వాడకానికి చాలవు.

ఒక చివర కింద, ఎదురు చివర పైన జాలీ ఉన్న వెంట్లు పెట్టించాను. పైకప్పు లోపలివైపు నీరు పీల్చని ఫోమ్ షీట్ అతికించాను. సందు మిగలకూడదు, మిగిలితే గాలి దాని వెనక్కి చేరి మళ్లీ అక్కడే తేమ పడుతుంది. నాలుగు మూలల కింద కాంక్రీట్ దిమ్మెలు పెట్టించి నేల నుంచి పైకి లేపించాను. తడిసిన కారును ఆరాకే లోపల పెడుతున్నాను. చుక్కలు ఆగిపోయాయి.

లోపలి వెడల్పు దాదాపు 2.35 మీటర్లే, కాబట్టి డ్రైవర్ వైపు తలుపు తెరుచుకునేలా కారును అవతలి గోడకు దగ్గరగా ఆపాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మాత్రం కంటైనర్ తలుపులు మూయకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.