వేగం పెంచితేనే ఇంజిన్ వేడెక్కుతోందా? ముందు నీళ్లు చూడండి

సమస్య: మోటార్ యాట్ మెల్లగా వెళ్తున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు 80, 85 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. థ్రాటిల్ పెంచిన కాసేపటికి పైకి పాకి అలారం మోగుతుంది. తగ్గిస్తే మళ్లీ మామూలే.

ఇలా అయితే చాలామంది నేరుగా థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు) విప్పుతారు. దయచేసి ఆగండి. బోటు వెనక్కి వెళ్లి ఎగ్జాస్ట్‌తోపాటు పడే నీళ్లు చూడండి. వేగం పెంచినా ధార పెరగకుండా ఆవిరి కమ్ముతుంటే, ఇంజిన్‌ను చల్లబరచడానికి లాగే బయటి నీళ్లు చాలడం లేదు.

అప్పుడు సీకాక్ (బయటి నీళ్లు లోపలికి వచ్చే వాల్వు) పూర్తిగా తెరిచి ఉందా, స్ట్రెయినర్ (ఆ నీళ్లను వడకట్టేది) బుట్టలో నాచు నిండిందా చూడండి. అయిదు నిమిషాల పని, ఎక్కువసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. తర్వాత ఆ నీళ్లు లాగే పంపులోని రబ్బరు ఇంపెల్లర్, అంటే తిరిగే రెక్కల చక్రం. దాని రెక్క విరిగి ఉంటే కొత్తది వేసి ఊరుకోకండి. విరిగిన ముక్క ముందుకు పోయి హీట్ ఎక్స్‌ఛేంజర్ (బయటి నీళ్లతో ఇంజిన్ కూలెంట్‌ను చల్లార్చే భాగం) మూతి దగ్గర అడ్డం పడి ఉంటుంది. అది దొరికేదాకా వెతకండి.

ఇవన్నీ బాగున్నా వేడి తగ్గలేదా? నన్ను బాగా ఏడిపించినది ఇదే: పంపుకు నీళ్లు తెచ్చే సక్షన్ హోస్. ఒక బోటులో ఇంపెల్లర్ రెండుసార్లు మార్చాను, హీట్ ఎక్స్‌ఛేంజర్ మొత్తం విప్పి కడిగాను. ఫలితం సున్నా. చివరికి హోస్ ఊడదీసి లోపల వేలు పెడితే రబ్బరు పొర ఒకటి నాలుకలా వేలాడుతూ తగిలింది. పాత హోస్‌లో లోపలి పొర ఇలా విడిపోతుంది. ఐడిల్‌లో పంపు లాగేది తక్కువ కాబట్టి పొర పక్కకే ఉంటుంది. వేగం పెరిగి లాగుడు ఎక్కువయ్యేసరికి అడ్డంగా మూసుకుంటుంది. ఇంజిన్ ఆపితే మళ్లీ పక్కకు జరుగుతుంది. అందుకే ఆపి చూసేవాళ్లకు దొరకదు. బయటి నుంచి హోస్ కొత్తదానిలా కనిపిస్తుంది కూడా.

పట్టుకోవాలంటే సీకాక్ మూసి, హోస్ రెండు చివర్లా విప్పి, టార్చ్ వేసి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. వంపు ఉన్నచోట వేలితో తడమండి. పొర లేచి ఉంటే కత్తిరించి సరిపెట్టకండి, హోస్ మొత్తం మార్చండి. కొత్తది లోపల స్టీలు తీగ చుట్టిన మెరైన్ సక్షన్ హోస్ అయి ఉండాలి. మామూలు నీళ్ల పైపు వేస్తే లాగుడుకు నొక్కుకుపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. చివరలకు రెండేసి స్టెయిన్‌లెస్ క్లాంపులు బిగించండి. ఈ హోస్ నీటిమట్టం కింద ఉంటుంది, ఊడితే బోటులోకి నీళ్లొస్తాయి. సీకాక్ తెరవడం మరిచిపోయి స్టార్ట్ చేస్తే మాత్రం కొత్త ఇంపెల్లర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

నీళ్ల ధార బాగుండి, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం అందక నల్ల పొగ వస్తుంటే ఇంజిన్ మీద భారం ఎక్కువైనట్టు, ప్రొపెల్లర్‌కూ బోటు అడుగుకూ పట్టిన గవ్వలు గీకించండి. థర్మోస్టాట్ సంగతి ఆ తర్వాత. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోవడం అరుదు, కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటేనే మెకానిక్‌ను పిలవండి. వేడి మీద మాత్రం ఆ ట్యాంకు మూత తీయకండి.