బడిలో అగ్బాద్జా: పన్నెండు మాత్రల ఎవే ఆటపాటను పిల్లలకు నేర్పే పద్ధతి

ఘనా ఆగ్నేయ మూలన, సముద్రాన్ని ఆనుకుని టోగో సరిహద్దు దాకా అన్లో ఎవే జనం ఊళ్లున్నాయి: అన్లోగా, కేటా, అఫ్లావ్. పెళ్లయినా చావైనా పండగైనా అక్కడ మోగేది అగ్బాద్జా. అట్రిక్‌పుయ్ అనే పాతకాలపు యుద్ధ నృత్యం నుంచి పుట్టి, ఇప్పుడు ఆడామగా, పిల్లాపెద్దా కలిసి ఆడే ఆటయింది. బడిలో మొదట నేర్పడానికి ఇంతకంటే తగినది లేదు. వాద్యాలు తక్కువ, అడుగు తేలిక, పైగా పిల్లల ఇళ్లలో ఎవరో ఒకరికి అది వచ్చే ఉంటుంది.

2019లో వచ్చిన ఘనా ప్రాథమిక పాఠ్యప్రణాళికలో సంగీతం, నాట్యం, నాటకం క్రియేటివ్ ఆర్ట్స్ అనే పాఠ్యాంశం కిందికి వస్తాయి. అయినా చాలా తరగతుల్లో ఆ పీరియడు వాద్యాల పేర్లు బోర్డు మీద రాసి, నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవడంతో అయిపోతుంది. లేదంటే పోటీల కోసం పది మందిని ఏరి నెల రోజులు తోముతారు, మిగతా నలభై మంది చూస్తూ కూర్చుంటారు. ఈ రెండు దారుల్లోనూ అగ్బాద్జా బతకదు. కింద చెప్పే పద్ధతి 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు 40, 50 మంది ఉన్న తరగతికి సరిపోతుంది. వారానికి రెండు పీరియడ్లు, మొత్తం పది వారాలు పడుతుంది.

ముందు పెద్దల దగ్గరికి వెళ్లండి

వాద్యాలు కొనకముందే ఊళ్లో డోలు వాయించే పెద్దను, పాట ఎత్తే మనిషిని కలవండి. పాట ఎత్తే మనిషిని అక్కడ హెనో అంటారు. అన్లో ప్రాంతంలో పెద్దలను ఏదైనా అడగడానికి వెళ్తే పానీయం సీసా పట్టుకెళ్లడం ఆచారం. ఆ పని ప్రధానోపాధ్యాయుడి చేతుల మీదుగా జరగాలి. రానుపోను ఖర్చు, ఒక్కో పీరియడుకు ఇచ్చే డబ్బు మొదటి రోజే తేల్చుకోండి. 'మన సంస్కృతి కదా' అని ఊరికే పిలిస్తే మూడో వారానికి ఆయన రావడం మానేస్తాడు, ఆ తప్పు ఆయనది కాదు.

ఆయనను మూడు ప్రశ్నలు అడగండి. ఏ పాటలు పిల్లలు పాడవచ్చు? ఆడపిల్లలు డోలు ముట్టడానికి ఈ ఊళ్లో అభ్యంతరం ఉందా? ఫోనులో రికార్డు చేయవచ్చా? రెండో ప్రశ్న తప్పించుకోకూడదు. చాలాచోట్ల పాతకాలంలో ఆడవాళ్లు పాట, గిలక, చప్పట్ల వరకే ఉండేవారు. ఇవాళ బడుల్లో అమ్మాయిలు డోలు వాయిస్తున్నారు. అయితే పెద్దలతో ముందే మాట్లాడి ఒప్పించిన చోట అది నిలబడుతుంది. చెప్పకుండా మొదలుపెట్టిన చోట మధ్యలో ఆగిపోతుంది, అవమానం ఆ అమ్మాయిల మీద పడుతుంది.

తరగతిలోకి తేకూడనివి కూడా ఉన్నాయి. యెవె అనే ఎవే సంప్రదాయ మతపు గుడికి చెందిన పాటలు, దరువులు దీక్ష తీసుకున్నవారివి. ఘనాలోని మరో జాతి అకాన్ల ప్రాంతంలో ఫొంటొంఫ్రొం అనే డోళ్లు రాజుల కొలువువి. చెవికి బాగున్నాయని వాటిని ఎత్తుకొస్తే ఊరితో తగువు తప్పదు.

తల్లిదండ్రుల్లో కొందరు చర్చి పేరు చెప్పి అభ్యంతరపెడతారు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. మిషన్ బడులు ఒకప్పుడు డోలును అన్యమతపు వస్తువని దూరం పెట్టాయి. ఎఫ్రాయిమ్ అము అనే సంగీతకారుడు ఆఫ్రికన్ వాద్యాలను, ఆఫ్రికన్ దుస్తులను చర్చిలోకి తెచ్చినందుకు 1933లో అక్రొపాంగ్ ప్రెస్బిటేరియన్ శిక్షణ కళాశాలలో కొలువు పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయన అచిమోటా బడికి వెళ్లాడు. అదే అచిమోటాలో ఎవే డోళ్లు నేర్పిన ఫిలిప్ గ్బెహో ఘనా జాతీయ గీతానికి బాణీ కట్టాడు. అభ్యంతరం చెప్పిన తల్లిదండ్రులను వాదనతో గెలవాలని చూడకండి. గుడి దరువు వేరు, అందరూ ఆడే అగ్బాద్జా వేరు అని చెప్పి, ఒక పీరియడుకు వచ్చి కూర్చోమనండి.

కావలసిన సరంజామా

ఒక జట్టుకు ఇవి చాలు: గాంకోగుయ్ ఒకటి, అఖాత్సెలు మూడు నాలుగు, కగన్ ఒకటి, కిది ఒకటి, సొగొ ఒకటి. గాంకోగుయ్ అంటే ఇనుప జంట గంట, కర్రతో కొడతారు. అఖాత్సె ఎండిన సొరబుర్ర, దాని చుట్టూ పూసల వల అల్లి ఉంటుంది. మిగతా మూడూ చెక్క పలకలు కూర్చి, ఇనుప పట్టీలు బిగించి, తోలు మూసిన డోళ్లు. వాటిలో కగన్ అన్నిటికంటే చిన్నది, సన్నని పుల్లలతో వాయిస్తారు. అగ్బాద్జాలో నడిపే డోలు సొగొ. అత్సిమెవు అనే పొడవాటి డోలు దీనికి అక్కర్లేదు, ఫొటోల్లో గొప్పగా కనిపిస్తుందని దాని మీద డబ్బు పెట్టకండి.

మిగతా పిల్లల కోసం అరలీటరు ప్లాస్టిక్ సీసాల్లో మొక్కజొన్న గింజలు వేసి గిలకలు చేసుకోవచ్చు. కాకపోతే గింజలు లోపల ఉంటే చప్పుడు అర క్షణం ఆలస్యంగా వస్తుంది. అసలు అఖాత్సెలో పూసలు బయట ఉంటాయి కాబట్టి దెబ్బ పడగానే పలుకుతుంది. అందుకే సీసాలో రెండు మూడు చెంచాలకు మించి గింజలు వేయకండి, తొడ మీద గట్టిగా తగిలించమనండి. అలా చేయకపోతే తరగతి మొత్తం గంట వెనక ఈడ్చుకుంటూ నడుస్తుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీచే హర్మటాన్ పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి పట్టీలు జారతాయి. డోలు తలకిందులు చేసి అడుగువైపు నుంచి కాసిని నీళ్లు పోసి, లోపలంతా తడిసేలా తిప్పి ఒంపేయండి. వానాకాలంలో తోలు సాగి మోత మందగిస్తుంది. అప్పుడు తోలును బిగించే మేకులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా లోపలికి కొట్టాలి. ఒకే వైపు మేకులన్నీ బిగిస్తే తోలు ఆ అంచున చిరుగుతుంది. బిగించిన డోలును ఎండలో వదిలేసినా అంతే.

మొదటి రెండు వారాలు: పాట, అడుగు

వాద్యాలు గదిలోనే ఉండనివ్వండి. పెద్దాయన నేర్పిన ఒకే ఒక్క పాట తీసుకోండి. హెనో ఎత్తుతాడు, పిల్లలు అందుకుంటారు. పాటను కాగితం మీద ఇవ్వకండి, నోటితోనే నేర్పండి. ఎవే భాషలో స్వరం మారితే మాటకు అర్థం మారిపోతుంది, పాట బాణీ మాట స్వరాన్ని పట్టుకునే నడుస్తుంది. కీబోర్డు మీద 'సరిచేసి' పాడిస్తే పిల్లలు పాడేది అర్థంలేని పాటవుతుంది.

పాడుతూనే కుడి, ఎడమ, కుడి, ఎడమ అని నాలుగు అడుగులు. నిమిషానికి 60, 70 అడుగుల వేగం చాలు. మోకాళ్లు కొంచెం వంచి, నడుం పైభాగం ముందుకు వాల్చి, పాదం నేలను వదిలీ వదలనట్టు ఉండాలి.

వీపు కదలికే అగ్బాద్జాకు ప్రాణం. రెండు రెక్క ఎముకలు వెనక ఒకదానివైపు ఒకటి దగ్గరికి వచ్చి విడిపోతాయి, చేతులు ఆ కదలికను అనుసరిస్తాయి. పిల్లలు దీన్ని తిరగేసి చేస్తారు: మోచేతులు టపటపా ఆడించి వీపును కదలనివ్వరు. చేతులు నడుం మీద పెట్టించి చేయించండి. వెనక నిలబడ్డ జోడీ పిల్ల అరచేయి వీపు మధ్యన ఆనిస్తే కదలిక ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. అలసిపోగానే మోకాళ్లు నిటారుగా అయిపోతాయి, ఆ వెంటనే గెంతడం మొదలవుతుంది. అప్పుడు అరవకుండా ఆట ఆపి పాట మాత్రం పాడించండి.

మూడు, నాలుగు వారాలు: గంట

గంట దరువులో 12 మాత్రలు (సమానమైన కాలపు లెక్కలు), 7 దెబ్బలు. దెబ్బలు పడేది 1, 3, 5, 6, 8, 10, 12 మాత్రల మీద. నోటితో ఇలా పలికించండి:

టిన్ – టిన్ – టిన్ టిన్ – టిన్ – టిన్ – టిన్

అడుగులు పడేది 1, 4, 7, 10 మీద. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే తెలిసిపోతుంది. మొదటి అడుగు, నాలుగో అడుగు మాత్రమే గంటతో కలుస్తాయి. రెండో అడుగు, మూడో అడుగు గంట లేని ఖాళీలో పడతాయి. పిల్లవాడు గంట ఉన్నచోటికి కాలు జరిపేస్తాడు, లేదా కాలు ఉన్నచోటికి గంట జరిపేస్తాడు. అందుకని గంటను కూర్చోబెట్టి నేర్పవద్దు. అడుగు వేస్తూ, నోటితో టిన్ టిన్ అంటూ, ఆ తర్వాతే కర్ర చేతికివ్వాలి.

ఇంకో తప్పు ప్రతి తరగతిలోనూ వస్తుంది. దగ్గరి దెబ్బలు రెండుచోట్ల ఉన్నాయి: 5 తర్వాత 6, 12 తర్వాత మళ్లీ 1. మొదటి జంటకు ముందు రెండు పెద్ద ఎడాలు, రెండో జంటకు ముందు మూడు. పిల్లలు రెండూ సమానం చేసి ఒక దెబ్బ మింగేస్తారు. అప్పుడు దరువు పది మాత్రలకే తిరిగిపోతుంది, పాట పక్కకు పోతుంది. 8, 10, 12 దెబ్బలకు మూడు వేళ్లు చూపిస్తూ నాలుగైదు సార్లు తిప్పితే కుదురుకుంటుంది.

కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగు ఉపాధ్యాయులు ఘనాలో ఇది నేర్పుతుంటే ఒక మాట. ఇది తిశ్ర గతిలో చతురశ్ర ఏక తాళంలా లెక్కకు సరిపోతుంది, ఆ లెక్క మీకు పనికొస్తుంది. పిల్లలకు మాత్రం చేత్తో తాళం వేయించకండి. ఇక్కడ నాలుగు అక్షరాలనూ ఎవరూ చప్పుడు చేసి చెప్పరు, అవి ఆడేవాళ్ల పాదాల్లో ఉంటాయి. అందరికీ ఆధారం గంట. తాళం వేసే అలవాటు పడిన తరగతి చప్పట్లు ఆపగానే కూలిపోతుంది.

అయిదో వారం: అఖాత్సె

కిందికి తొడ మీద కొడితే 'ప', పైకి ఎత్తి అరచేతికి తగిలిస్తే 'తి'. కింది దెబ్బలన్నీ గంటతో కలుస్తాయి. పై దెబ్బలు 4, 7, 9, 11 మాత్రల మీద పడతాయి:

ప – ప తి ప ప తి ప తి ప తి ప

గంట వదిలేసిన రెండో అడుగు, మూడో అడుగు ఇక్కడ పై దెబ్బగా వినిపిస్తాయి. గంట పట్టుబడని పిల్లలకు చాలామందికి అఖాత్సెతో దారి దొరుకుతుంది. తరగతిలో ప్రతి ఒక్కరూ ఇది వాయించి తీరాలి.

డోళ్లు

కగన్ ప్రతి అడుగు తర్వాతి రెండు మాత్రల మీద పడుతుంది: 2-3, 5-6, 8-9, 11-12. అడుగు మీద అది మౌనం. 'అడుగు-క-గన్, అడుగు-క-గన్' అని పలికిస్తూ అడుగు వేయించండి. వేగం పెరగగానే పిల్లలు దెబ్బను అడుగు మీదికి లాగేస్తారు. అలా జరిగినప్పుడు పుల్లలు పక్కన పెట్టించి మళ్లీ నోటితో చెప్పించడమే మందు.

కిదిలో విచ్చిన దెబ్బ, నొక్కిన దెబ్బ అని రెండు రకాలు. పుల్ల తోలును తాకి ఎగిరితే విచ్చినది, తోలుకు అదిమి ఉంచితే నొక్కినది. నొక్కిన దెబ్బ మెత్తగా వినిపిస్తుందని పిల్లలు దాన్ని వదిలేస్తారు. అప్పుడు చేతుల వరుస తప్పి, తర్వాతి విచ్చిన దెబ్బ తొందరగా పడుతుంది. ఏ వరుసలో వాయించాలన్నది మీ ఊరి పెద్దాయన చెప్పినట్టే నేర్పండి, వీడియోల్లో చూసింది కలపకండి.

సొగొ పిలుస్తుంది, కిది బదులిస్తుంది. బడికి రెండు మూడు పిలుపులు, ఒక ముగింపు సంకేతం చాలు. సొగొను హుషారుగా కొట్టే పిల్లవాడికి కాకుండా ఎదుటివాళ్లను వినే పిల్లకు ఇవ్వండి. ఆరు, ఏడు వారాలు కగన్, కిది మీద పెట్టి, ఎనిమిదిలో సొగొ తెచ్చి, తొమ్మిదిలో డోళ్లకు ఎదురుగా జంటలు జంటలుగా ఆడించండి.

ఒక్కో పీరియడులో కనీసం మూడుసార్లు చోట్లు మార్చండి. వాయించేవాళ్లు ఆటలోకి, ఆడేవాళ్లు గిలకల్లోకి, గిలకవాళ్లు డోళ్లకు. మార్కులు వేయాల్సి వస్తే పరీక్ష ఒక్కటే పెట్టండి: పక్కన కగన్ మోగుతుండగా రెండు నిమిషాలు గంట తప్పకుండా పట్టగలదా, అదే గంటకు ఆడుతూ పాట అందుకోగలదా. నైపుణ్యం చూపే విన్యాసాలకు ఈ వయసులో మార్కులు వద్దు.

పదో వారం, ఆపైన

వేదిక కట్టకండి. చెట్టు కింద గుండ్రంగా బెంచీలు వేసి, తల్లిదండ్రులను, పెద్దాయనను లోపల కూర్చోబెట్టండి. పెద్దలు లేచి ఆడితే పిల్లలు వాయించాలి. వేగం నిమిషానికి 100 అడుగులు దాటడం సహజంగా అప్పుడే జరుగుతుంది. నవంబరు మొదటి శనివారం అన్లోగాలో జరిగే హొగ్బెత్సొత్సొ పండగకు దగ్గరగా ఈ వారం పడేలా టర్ము అమర్చుకుంటే ఇంకా మంచిది.

రాజధాని అక్రా బడులవారు మాత్రం, అక్కడి 'గా' అనే జాతివారి సంప్రదాయ మండలి తమ హొమొవో పండగకు ముందు ప్రకటించే నిషేధం చూసుకోవాలి. ఏటా సుమారు నెల రోజులు, మామూలుగా మే, జూన్ నెలల్లో, డోలు మోగించకూడదు. ఆ నెలకు పాట, అడుగు, నోటి దరువులు పెట్టుకోండి.

రికార్డింగులో ముందు ఒక్కో వాద్యాన్ని విడిగా, నెమ్మదిగా రెండేసి నిమిషాలు తీసి, తర్వాత అన్నీ కలిపి తీయండి. కలిపి తీసిందే ఉంటే అందులోంచి కిదిని వేరుచేసి వినడం తర్వాత వచ్చే ఉపాధ్యాయుడి వల్ల కాదు. ప్రతి ఫైలు పేరులో ఊరు, తేదీ, వాద్యం, వాయించినవారి పేరు రాయండి. ఎవరెవరు వాడుకోవచ్చో పెద్దాయన చెప్పిన మాట ఆయన గొంతుతోనే మొదట రికార్డు చేయండి. ఒక ప్రతి బడిలో, ఇంకో ప్రతి ఆయన ఇంట్లో ఉండాలి.