గుండె జబ్బు, మధుమేహం రెండూ ఉన్నవారు బరువు తగ్గించుకోవడం ఎలా?

గుండె జబ్బుతో పాటు మధుమేహం కూడా ఉన్నవారు బరువు తగ్గాలనుకున్నప్పుడు తిండి కన్నా ముందు మందుల చీటీ చూసుకోవాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే, రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోవచ్చు. గుండె కోసం బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవారికి ఈ ప్రమాదం తెలియకుండానే ముంచుకొస్తుంది. హెచ్చరికగా రావలసిన గుండెదడను, వణుకును ఆ మందు కప్పిపుచ్చవచ్చు, చెమట మాత్రం పడుతుంది. అందువల్ల ఆహారం మార్చడానికి ముందే వైద్యుణ్ణి కలిసి, తిండి తగ్గిస్తే ఏ మందు ఎంత తగ్గించాలో సూటిగా అడగాలి. సొంతంగా ఏ మందూ మానకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పకుండా ఉపవాసాలకు, పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా మానేసే పద్ధతులకు దిగకూడదు. వీరిలో గ్లూకోజు అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పేరుకోవచ్చు.

ఎంత తగ్గాలన్న విషయంలో తొందర పనికిరాదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గినా గ్లూకోజు, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయి. వారానికి అర కిలో చాలు. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనం తొలి ఏడాది ఫలితాలు 2017లో వెలువడినప్పుడు, రోజుకు సుమారు 850 కేలరీలతో కొన్ని నెలలు గడిపిన బృందంలో దాదాపు సగం మందికి మందులు లేకుండానే మధుమేహం అదుపులోకి వచ్చిందని తేలింది. ఆశ కలిగించే ఫలితమే అయినా, ఇన్సులిన్ వాడుతున్నవారిని, అంతకుముందు ఆరు నెలల్లో గుండెపోటు వచ్చినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదన్నది మరవకూడదు. ఆ పద్ధతిని గుండె రోగులు ఇంట్లో తమంతట తాము అనుకరించడం సరికాదని నా దృఢాభిప్రాయం.

గుండె వైఫల్యం (గుండె రక్తాన్ని తగినంతగా పంపు చేయలేని స్థితి) ఉన్నవారు తూకాన్ని వేరే దృష్టితో చూడాలి. రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు, ఒకే రకమైన దుస్తుల్లో బరువు చూసుకుని రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. తిండి తగ్గించి ఊరుకోకుండా, కాళ్లవాపు, ఆయాసం కనిపించేదాకా ఆగకుండా వైద్యునికి తెలియజేయాలి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకున్నాక తగ్గిన బరువు కూడా నీరే కనుక, దాన్ని చూసి ఆహార నియమం ఫలించిందని అనుకోకూడదు. పయోగ్లిటాజోన్ అనే మధుమేహం మాత్ర వల్ల కూడా ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి గుండె వైఫల్యం ఉన్నవారికి అది తగదు.

కంచంలో సగం పిండిపదార్థం తక్కువగా ఉండే కూరగాయలతో, పావు వంతు మాంసకృత్తులతో, మిగిలిన పావు ముడిధాన్యాలతో నింపుకుంటే లెక్కలు వేసుకోనక్కరలేదు. తీపి పానీయాలను మానడం అన్నిటికంటే సులువైన మెట్టు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. అయితే ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం లవణాలు రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు వాడేవారిలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పొటాషియంను ప్రమాదకరంగా పెంచవచ్చు.

వ్యాయామాన్ని వైద్యుని అనుమతితో పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ వారానికి 150 నిమిషాలకు పెంచుకోవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తడబడేంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి, ఛాతీలో నొప్పి గాని బిగింపు గాని తోస్తే వెంటనే ఆగాలి. ఇన్సులిన్ వాడేవారు నడకకు ముందు గ్లూకోజు చూసుకుని, 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరాలి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే తేలికపాటి వ్యాయామం కూడా ఉండాలి. లేకపోతే తగ్గిన బరువులో కండ వాటా పెరిగి నీరసం మిగులుతుంది.

బరువు తగ్గుతున్నకొద్దీ రక్తపోటు కూడా తగ్గుతుంది కనుక, లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగితే బీపీ మందుల మోతాదును సరిచూపించుకోవాలి. ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం సంతోషించవద్దు. గ్లూకోజు అదుపు తప్పడం గాని, గుండె మరింత బలహీనపడటం గాని కారణం కావచ్చు కాబట్టి వెంటనే పరీక్ష చేయించుకోవాలి.