రాస్ప్‌బెర్రీ పై మ్యూజిక్ ప్లేయర్ మొరాయిస్తే: ప్లగ్గు నుంచి పాట దాకా

ఇంట్లో పాటల కోసం రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, ఇకమీద క్లుప్తంగా ‘పై’) పెట్టుకున్నవాళ్ల ఇబ్బందులు పైకి పది రకాలుగా కనిపిస్తాయి. పాట తెగుతుంది, స్పీకర్‌లో గుయ్‌మని మోత వస్తుంది, ఫోన్‌లో ప్లేయర్ కనిపించకుండా పోతుంది. చాలామంది వెంటనే చేసే పని మెమరీ కార్డు చెరిపేసి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం. సాయంత్రమంతా దానికే పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే వీటిలో ఎక్కువ వాటికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు. కరెంటు ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి స్పీకర్ వైపు వరసగా చూసుకుంటూ రండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. పైలో పాటలు నడిపే సాఫ్ట్‌వేర్లయిన వాల్యుమియో, మూడ్ ఆడియో, పైకోర్ ప్లేయర్‌లలో మీరు ఏది వాడుతున్నా కింద చెప్పేవి వర్తిస్తాయి.

పాట మధ్యలో తెగుతోంది, లేదా పై తనంతట తనే రీస్టార్ట్ అవుతోంది

ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌ని, దాని కేబుల్‌ని. ఇంట్లో ఖాళీగా ఉన్న ఫోన్ చార్జర్ తగిలించడం అందరికీ అలవాటే. చార్జర్ మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని రాసి ఉన్నా, సన్నటి పొడుగు కేబుల్‌లో కొంత వోల్టేజ్ దారిలోనే పోతుంది. బోర్డుకు అందేది 4.63 వోల్టుల కంటే తగ్గితే పై దాన్ని తక్కువ వోల్టేజ్‌గా గుర్తించి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. ఇంకా పడితే రీస్టార్టే. చిత్రమేమిటంటే మామూలుగా అంతా బాగానే ఉంటుంది, లైబ్రరీ స్కాన్ అవుతున్నప్పుడో డిస్క్ తిరగడం మొదలైనప్పుడో మాత్రమే పాట తెగుతుంది.

నిర్ధారించుకోవడం తేలికే. టీవీ తగిలించి ఉంటే తెర మూల మెరుపు గుర్తు కనిపిస్తుంది. తెర లేకపోతే వేరే కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా కమాండ్లు ఇచ్చే దారి) లాగిన్ అయి ‘గెట్ థ్రాటిల్డ్’ తనిఖీ (vcgencmd get_throttled అనే కమాండ్) నడపండి. జవాబు సున్నా వస్తే కరెంటు బాగున్నట్టే. 50005 వస్తే ఇప్పుడు, ఈ క్షణాన వోల్టేజ్ చాలట్లేదు. 50000 వస్తే ఆన్ చేశాక ఎప్పుడో పడిపోయి మళ్లీ కోలుకుంది. ఈ రెండోది చూసి చాలామంది వదిలేస్తారు గానీ, తెగిన పాటకు కారణం అదే అయి ఉండొచ్చు. పాట పెట్టి, లైబ్రరీ స్కాన్ కూడా మొదలుపెట్టి, అప్పుడు మరోసారి చూడండి.

మందు ఒక్కటే: 5.1 వోల్టులు ఇచ్చే అసలు అడాప్టర్. పై 3కి 2.5 ఆంపియర్లు, పై 4కి 3, పై 5కి 5 ఆంపియర్లు. డీఏసీకి (డిజిటల్ పాటను యాంప్లిఫైయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) ఖర్చు పెట్టే ముందు దీనికి పెట్టండి అని నేను గట్టిగా చెబుతాను.

పోర్టబుల్ హార్డ్ డిస్క్ నేరుగా రాస్ప్‌బెర్రీ పైకి తగిలించి ఉంటే అది కూడా ఇదే కరెంటు తాగుతుంది. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. పై 5కి 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీకి 0.6 ఆంపియర్ల దగ్గరే ఆపేస్తుంది. డిస్క్ టిక్ టిక్ అంటూ తిరగడానికి తంటాలు పడుతుంటే, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి, లేదా పాటలు పెన్ డ్రైవ్‌లోకి మార్చండి.

పాట నడుస్తోంది, శబ్దం లేదు

తెర మీద సెకన్లు కదులుతుంటాయి, స్పీకర్ మాత్రం మౌనం. పాట వేరే దారిలో పోతోందన్నమాట. రాస్ప్‌బెర్రీ పైకి హెచ్‌డీఎంఐ ఒక సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్ జాక్ ఇంకోటి, మీరు తగిలించిన డీఏసీ మరోటి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ ఆప్షన్స్‌కి వెళ్లి ఏది ఎంచుకుని ఉందో చూడండి. పై 5లో, పై జీరోలో హెడ్‌ఫోన్ జాక్ అసలు లేదు, అందుకే పై 4 నుంచి మారినవాళ్లకు ఈ అయోమయం ఎక్కువ. నిన్నటిదాకా వచ్చిన శబ్దం రీస్టార్ట్ తర్వాత పోతే, సౌండ్ కార్డుల నంబర్లు తారుమారు అయ్యాయేమో చూడండి. ప్లేయర్ కాన్ఫిగ్ ఫైల్‌లో డీఏసీని నంబర్‌తో కాకుండా పేరుతో పెట్టుకుంటే మళ్లీ ఆ గొడవ రాదు.

బోర్డు మీద కూర్చునే డీఏసీ అయితే కథ వేరు. చవకగా దొరికే చాలా బోర్డులు తామెవరో రాస్ప్‌బెర్రీ పైకి చెప్పుకోలేవు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఐ2ఎస్ (బోర్డు పిన్నుల ద్వారా పాట పంపే పద్ధతి) డీఏసీ ఆప్షన్ ఆన్ చేసి, లిస్టులోంచి సరైన పేరు మనమే ఎంచుకుని రీస్టార్ట్ చేయాలి. పీసీఎం5102 చిప్ ఉన్న చిన్న బోర్డులకు సాధారణ హైఫైబెర్రీ డీఏసీ డ్రైవర్ సరిపోతుంది. వాటిని వైర్లతో కలిపితే 12, 35, 40 పిన్నులు వరసగా బిట్ క్లాక్, ఎడమ-కుడి క్లాక్, డేటా. ఎస్‌సీకే అని రాసి ఉన్న కాలుని గ్రౌండ్‌కి కలపాలి. దాన్ని గాల్లో వదిలేస్తే శబ్దం రాకపోవచ్చు, లేదా గరగరలు రావచ్చు. పై ఆఫ్ చేసి ప్లగ్గు తీశాకే వైర్లు ముట్టుకోండి.

పై బూట్ అయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్ ఫైల్‌ని (config.txt) చేత్తో మార్చేవాళ్లకు ఒక మాట. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఆ ఫైల్ బూట్ ఫోల్డర్‌లోంచి దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత వివరణలు చూసి పాత చోట రాస్తే ఏ మార్పూ కనిపించదు.

వాల్యూమ్ ఎంత జరిపినా మారకపోతే అది పాడైనట్టు కాదు. పీసీఎం5102లో వాల్యూమ్ తగ్గించే ఏర్పాటు లేదు, మిక్సర్‌ని సాఫ్ట్‌వేర్‌కి మార్చాలి. మిక్సర్ వద్దనుకుంటే శబ్దం ఎప్పుడూ పూర్తి స్థాయిలో వస్తుంది కాబట్టి ముందు యాంప్లిఫైయర్ తగ్గించుకుని పాట పెట్టండి. స్పీకర్లకూ చెవులకూ మంచిది.

హెడ్‌ఫోన్ జాక్ నుంచి వస్తోంది గానీ సన్నగా, బుస్‌మనే హిస్‌తో ఉంది

పై 4 దాకా ఉన్న ఆ జాక్ వెనుక అసలైన డీఏసీ లేదు, పల్సుల వెడల్పు మారుస్తూ శబ్దం పుట్టిస్తారు. వార్తలకు చాలు, పాటలకు చాలదు. ఏ సెట్టింగూ దీన్ని బాగుచేయదు. చిన్న యూఎస్‌బీ డీఏసీ కొనండి, తేడా మొదటి పాటలోనే వినిపిస్తుంది.

గుయ్‌మనే మోత ఆగట్లేదు

పాట ఆపినా మోత ఉంటే అది గ్రౌండ్ లూప్ కావచ్చు. యాంప్లిఫైయర్, పై, టీవీ వేర్వేరు సాకెట్లలో ఉండి, కేబుళ్ల ద్వారా ఒకదానితో ఒకటి కలిసినప్పుడు మన 50 హెర్ట్జ్ కరెంటు మోత సిగ్నల్‌లోకి చేరుతుంది. దీన్ని పట్టుకోవడానికి వరస ఇది. యాంప్లిఫైయర్ వెనకాల ఆర్‌సీఏ కేబుళ్లు (ఎరుపు, తెలుపు కొసలుండే ఆడియో కేబుళ్లు) పీకండి. మోత ఇంకా ఉంటే తప్పు యాంప్లిఫైయర్‌దే, పైని వదిలేయండి. ఆగిపోతే కేబుళ్లు మళ్లీ పెట్టి, టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీసి చూడండి. కేబుల్ టీవీ వైరు వచ్చే ఇళ్లలో చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. అప్పటికీ ఉంటే కాసేపు పైని పవర్ బ్యాంక్ మీద నడపండి. మోత మాయమైతే అడాప్టర్ దారిలో వస్తోందని తేలినట్టే.

అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదకి తెస్తే సగం ఇళ్లలో సర్దుకుంటుంది. లేకపోతే ఆర్‌సీఏ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్, లేదా రెండు వైపులా సౌకర్యం ఉంటే ఆప్టికల్ కేబుల్. దాంట్లో పోయేది వెలుతురు కాబట్టి మోత దాటదు. కొందరు యాంప్లిఫైయర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనకాల ఎర్త్ వైరు కలపని చోట్లు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది చూపించండి.

ఫోన్‌లో ప్లేయర్ కనిపించట్లేదు, లేదా వైఫైలో పాట ఆగి ఆగి వస్తోంది

ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో ముందు చూడండి. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసోలేషన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఒకే వైఫైలో ఉన్నవి కూడా ఒకదాన్నొకటి చూడలేవు. పేరుతో తెరుచుకోకపోతే రౌటర్ పేజీలో పై ఐపీ అడ్రస్ వెతికి దాంతో తెరవండి, ఆ అడ్రస్ మారకుండా రౌటర్‌లోనే రిజర్వ్ చేయండి.

తెగడం విషయానికొస్తే, ఇంటర్నెట్ రేడియో తెగుతూ పెన్ డ్రైవ్ పాటలు బాగుంటే తప్పు నెట్‌వర్క్‌ది. యూఎస్‌బీ 3 డిస్క్ పక్కనే ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అది అంతరాయం. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, లేదా డిస్క్‌ని కాస్త దూరంగా జరపండి. ఇనుప బీరువా పైనా, మెటల్ కేస్ లోపలా వైఫై నీరసపడుతుంది. లాన్ కేబుల్ వేయగలిగితే ఈ టెన్షన్లేవీ ఉండవు.

కరెంటు పోయి వచ్చాక బూట్ కావట్లేదు

కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ఈసారికి కార్డు మళ్లీ రాయక తప్పదు. రాశాక సెట్టింగులన్నీ పెట్టుకుని కార్డు మొత్తానికి కాపీ (ఇమేజ్) తీసి దాచండి. పాటలు వేరే డ్రైవ్‌లో ఉంచండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఉండే సెట్టింగుల టూల్ రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద రాతలే ఉండవు. పైకోర్ ప్లేయర్ మొత్తం మెమరీలోనే నడుస్తుంది కాబట్టి కరెంటు కోతలున్న ఊళ్లకు నేను దాన్నే సూచిస్తాను. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు మారే క్షణంలో పై రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్ వెనకాల స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి.

ఒకే సినిమా ఆరు ఆల్బమ్‌లుగా కనిపిస్తోంది

తెలుగు పాటల లైబ్రరీకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. మన సినిమాలో ఒక్కో పాట ఒక్కో గాయకుడిది, కొన్ని యుగళగీతాలు. చాలా ప్లేయర్లు ఆర్టిస్ట్ పేరు మారగానే ఆల్బమ్ కూడా మారిందనుకుంటాయి. విరుగుడు ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ట్యాగ్‌లో (పాట ఫైల్ లోపలే రాసి ఉండే వివరం) ఉంది. ట్యాగులు మార్చే సాఫ్ట్‌వేర్లయిన కిడ్3 లేదా ఎంపీ3ట్యాగ్‌లో సినిమా పాటలన్నీ ఒకేసారి ఎంచుకుని, ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాయండి. గాయకుల పేర్లు ఆర్టిస్ట్ గడిలో అలాగే ఉంచండి. ఆల్బమ్ పేరు చివర అంటుకున్న వెబ్‌సైట్ల పేర్లు తీసేయండి. ఒక పాటకు సినిమా పేరు తర్వాత ఖాళీ ఎక్కువ ఉన్నా అది వేరే ఆల్బమే అవుతుంది. తర్వాత లైబ్రరీ అప్‌డేట్ నొక్కండి.

తెలుగు పేర్ల బదులు డబ్బాలు కనిపిస్తే పైకి తగిలించిన తెర దగ్గర ఫాంట్ లేదు, ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేస్తే చాలు. పిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం ట్యాగ్ పాత ఎన్‌కోడింగ్‌లో ఉంది, యూనికోడ్‌లో మళ్లీ రాయాల్సిందే.

కచేరీ రికార్డింగుల్లో ఆలాపన నుంచి తానంలోకి వెళ్లేచోట చిన్న ఖాళీ వస్తుంటే, ఎంపీ3 ఫైళ్ల మొదట్లో, చివర్లో చేరే నిశ్శబ్దం దానికి కారణం. ముందు క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపే సెట్టింగ్) సున్నాలో ఉందో లేదో చూడండి. అప్పటికీ ఖాళీ పోకపోతే, సీడీ మీ దగ్గరే ఉంటే దాన్ని నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫార్మాట్‌లో మళ్లీ రిప్ చేయండి.