ఐఓటీ సాఫ్ట్‌వేర్ సొంతంగా – 4వ పాఠం: బోర్డు నోరు మూస్తే ఎలా తెలుస్తుంది?

పోయిన పాఠంలో వోక్వీ సిమ్యులేటర్‌లో (బోర్డు కొనకుండా బ్రౌజర్‌లోనే నడిపి చూసే చోటు) ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న బోర్డు పెట్టుకుని, దానికో స్విచ్ తగిలించి, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో సీరియల్ మానిటర్‌లో చూసుకున్నాం. ఆ స్విచ్చే బోరు మోటారు అనుకోండి. తోట పాకాల దగ్గర, బెంగళూరా మామిడి. మీరుండేది తిరుపతిలో రూములో. ఇవాళ ఆ సంగతి తోట నుంచి మీ ఫోన్‌కు రావాలి. వస్తువులు ఇలా ఇంటర్నెట్ మీద కబుర్లు పంపడమే ఐఓటీ. (నిజం స్టార్టర్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. అది త్రీఫేజ్, 415 వోల్టులు. ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా ఆ డబ్బా తెరవకండి.)

ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుదీప్ మిశ్రా చెప్పే ఉచిత కోర్సు చూస్తున్నా, డబ్బు కట్టి ఇంకెక్కడైనా చేరినా, ఎంక్యూటీటీ దగ్గరికి రాక తప్పదు. బోర్డులు, ఫోన్లు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే పద్ధతి అది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చమురు పైపులైన్ల మీద కన్నేసి ఉంచడానికి తయారుచేశారు. కబుర్లన్నీ శాటిలైట్ మీదుగా రావాలి. ఆ లైను ఖరీదెక్కువ, నమ్మకం తక్కువ. అందుకే కబురు చిన్నదిగా ఉండాలనీ, లైను ఎప్పుడైనా తెగుతుందనీ ముందే అనుకుని కట్టిన పద్ధతి ఇది. మన పల్లెల సిగ్నల్‌కు అతికినట్టు సరిపోతుంది.

పని తీరు తేలికే. మధ్యలో బ్రోకర్ అనే సర్వర్ ఉంటుంది. బోర్డు ఒక టాపిక్ పేరు మీద కబురు పంపుతుంది, ఆ టాపిక్ కావాలన్నవాళ్లందరికీ బ్రోకర్ అందిస్తుంది. బోర్డుకు మీ ఫోన్ నంబరూ తెలియదు, ఫోన్‌కు బోర్డు అడ్రసూ తెలియదు. నేర్చుకోవడానికి మస్కిటో అనే బ్రోకర్ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఉచిత టెస్ట్ బ్రోకర్ చాలు, పోర్టు 1883. అందులో పంపింది ఎవరైనా చదవగలరు కాబట్టి సొంత వివరాలేవీ పెట్టొద్దు.

టాపిక్ పేరు తెలుగులో పెట్టొచ్చా? భేషుగ్గా పెట్టొచ్చు, టాపిక్‌లన్నీ యూటీఎఫ్-8లోనే (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) ఉంటాయి. కాకపోతే తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. ‘చిత్తూరు’ అని రాస్తే గుణింతం, పొల్లు అన్నీ కలిపి 24 బైట్లు, ఇంగ్లీషులో అయితే 8. మనం వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీలో మొత్తం ప్యాకెట్‌కే మామూలుగా 256 బైట్లు. దాటితే కబురు పంపే పబ్లిష్ ఫంక్షన్ ఫాల్స్ అని చెప్పి ఊరుకుంటుంది, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలేమీ రావు. పబ్లిష్ ఏం తిరిగిచ్చిందో చూడని కోడ్ నాకైతే కోడే కాదు.

ఇంకో తలనొప్పి క్లయింట్ ఐడీ, అంటే బోర్డు బ్రోకర్‌కు చెప్పుకునే పేరు. వీడియోలో ఉన్న పేరే అందరూ కాపీ కొడతారు. ఒకే ఐడీతో రెండో బోర్డు వస్తే బ్రోకర్ మొదటిదాన్ని బయటికి పంపేస్తుంది. అది మళ్లీ కనెక్టయి రెండోదాన్ని తోసేస్తుంది. హాస్టల్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని వైఫైని తిట్టుకుంటూ ఉంటారు. ఐడీ చివర ఒక ర్యాండమ్ నంబరు తగిలిస్తే టెన్షన్ తీరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్విచ్ మారినప్పుడల్లా ‘ఆడుతోంది’, ‘ఆగింది’ అని పంపిస్తారు. ఫోన్ తెరవగానే చివరి కబురు కనపడాలని రిటెయిన్ కూడా (ఆ కబురును బ్రోకర్ తన దగ్గర దాచి ఉంచమనడం) ఆన్ చేస్తారు. బాగుంది. తోటలో కరెంటు పోయి, మోటారుతో పాటు బోర్డూ ఆగిపోయిందనుకోండి. ‘ఆగింది’ అని చెప్పడానికి బోర్డుకు ప్రాణం లేదు. బ్రోకర్ దగ్గర పాత కబురే ఉంది. తెల్లవారినా మీ ఫోన్‌లో ‘ఆడుతోంది’ అనే ఉంటుంది.

మీరు మామయ్యకు ఫోన్ చేసి ‘మామా, మోటారు ఆడతా ఉందా?’ అని అడిగితే, ఆయన ‘నేను చిత్తూరు వచ్చినాను రా, తోట కాడ ఎవురూ లేరు’ అంటాడు. అది ఆడుతోందనీ కాదు, ఆగిందనీ కాదు. మన ప్రోగ్రామ్‌కు రాని జవాబు అదే. మూడో స్థితి ఉండాలి: తెలియదు.

దీనికి ఎంక్యూటీటీలో లాస్ట్ విల్ అని ఉంది. అంటే వీలునామా. కనెక్ట్ అయ్యేటప్పుడే బోర్డు బ్రోకర్‌కు ‘నేను చెప్పకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు’ అని రాసిచ్చి ఉంచుతుంది. ‘బోర్డు’ అని ఇంకో టాపిక్ పెట్టి, వీలునామాలో ‘లేదు’ అని రాయండి, రిటెయిన్ ఆన్. కనెక్ట్ అవ్వగానే అదే టాపిక్ మీద ‘ఉంది’ అని పంపండి, దీనికీ రిటెయిన్. ఫోన్ వైపు ముందు ‘బోర్డు’ చూడాలి. అది ‘లేదు’ అయితే మోటారు టాపిక్‌లో ఏమున్నా ‘తెలియదు’ అనే చూపించాలి.

బోర్డు పోయిందని బ్రోకర్‌కు ఎలా తెలుస్తుంది? కీప్ అలైవ్ వల్ల, అంటే బోర్డు ఇంతసేపటికోసారైనా ఏదో ఒకటి పంపాలనే గడువు వల్ల. మన లైబ్రరీలో అది 15 సెకన్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 22.5 సెకన్లు చడీచప్పుడు లేకపోతే బ్రోకర్ కనెక్షన్ తెంపేసి వీలునామా చదివేస్తుంది. అందుకే డిలేతో నిమిషం నిద్రపుచ్చే కోడ్ ఇక్కడ పనికిరాదు. బోర్డు బతికుండగానే పోయినట్టు కబురు వెళ్లిపోతుంది. మిల్లిస్ ఫంక్షన్‌తో టైమ్ చూసుకుంటూ, లైబ్రరీలోని క్లయింట్ లూప్ ఫంక్షన్‌ను ప్రతి చుట్టులోనూ పిలుస్తూ ఉండాలి. తెగిన కనెక్షన్ మళ్లీ కలపడానికీ అంతే, 5 సెకన్లకోసారి ప్రయత్నిస్తే చాలు. కలిశాక స్విచ్ ఇప్పుడెలా ఉందో మళ్లీ చదివి పంపండి, మధ్యలో మారి ఉండొచ్చు.

ఇంటిపని. వోక్వీలో పాస్‌వర్డ్ లేని వోక్వీ-గెస్ట్ వైఫైతో దీన్ని నడపండి. ఫోన్‌లో ఏదైనా ఎంక్యూటీటీ యాప్ తెరిచి రెండు టాపిక్‌లూ చూస్తూ, సిమ్యులేషన్‌ను ఉన్నట్టుండి ఆపేయండి. కాసేపట్లో ‘లేదు’ రావాలి. తర్వాత కోడ్‌లో డిస్కనెక్ట్ ఫంక్షన్ పిలిచి పద్ధతిగా ఆపి చూడండి. ఈసారి వీలునామా రాదు, ‘ఉంది’ అలాగే ఉండిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఒక్క లైను చాలు, ఎక్కడ రాయాలో మీరే పట్టుకోండి. చేతిలో నిజం బోర్డు ఉన్నవాళ్లు ఫోన్ హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకోండి. లాగిన్ పేజీ అడిగే హాస్టల్ వైఫైతో ఈ కోడ్ కుదరదు.

5వ పాఠంలో 8883 పోర్టు, పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు.