డీఎన్ఏ, ఆర్ఎన్ఏ నిర్మాణాలను చేత్తో గీసి నేర్చుకొనే పద్ధతి

గుంటూరు, విజయవాడల్లో బైపీసీ చదివే పిల్లల నోటుబుక్కులు తిరగేస్తే డీఎన్ఏ పాఠం దగ్గర తరచూ ఒకే బొమ్మ కనిపిస్తుంది: రెండు మెలికల గీతలు, వాటి మధ్య రంగురంగుల అడ్డగీతలు. బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది గాని, గొలుసుకు దిశ ఎందుకు ఉందో, ఆర్ఎన్ఏ ఎందుకు తేలిగ్గా తెగిపోతుందో అది చెప్పదు. ఆ జవాబులన్నీ గొలుసులో వరసగా ఉండే చక్కెరలోని కర్బన పరమాణువుల అంకెల్లోనే ఉన్నాయి. అందువల్ల మెలికను చివరికి వదిలిపెట్టి, చక్కెరతో మొదలుపెట్టాలి. ఒక తెల్లకాగితం, పెన్సిలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు ఉంటే సరిపోతుంది.

కాగితం మధ్యలో ఒక పంచభుజి గీసి, దాని పై మూలలో ఆక్సిజన్ అని రాయండి. కుడివైపు మూలకు 1′ అని అంకె వేసి, అక్కడి నుంచి గడియారపు ముల్లు తిరిగే దిశలో 2′, 3′, 4′ వేయండి. ఐదో కర్బనం వలయంలో ఉండదు. 4′ నుంచి పైకి ఒక చిన్న గీత గీసి, దాని కొసన 5′ రాయాలి. అంకె పక్కనున్న గీతను ప్రైమ్ అని చదువుతారు. చక్కెరకు అతికే నత్రజని క్షారంలోని పరమాణువులకు వేరే అంకెలు ఉన్నాయి కనుక, రెండూ కలగాపులగం కాకుండా చక్కెర అంకెలకు ఆ గుర్తు పెడతారు. గుంటూరు బ్రాడీపేటలో లైను అంకె, అడ్డరోడ్డు అంకె తెలిసినవారికి ఇల్లు వెతుక్కోవడం ఎంత సులువో, ఈ ఐదు అంకెలు కుదిరిన తరువాత ఏ గుంపు ఎక్కడ అతకాలో తెలుసుకోవడమూ అంతే సులువు.

1′ దగ్గర పైవైపున నత్రజని క్షారం చేరుతుంది. 2′ దగ్గర కిందివైపున డీఎన్ఏలోనైతే హైడ్రోజన్ మాత్రమే, ఆర్ఎన్ఏలోనైతే హైడ్రాక్సిల్ (OH) గుంపు ఉంటుంది. డీఎన్ఏలోని డీఆక్సీరైబోజ్, ఆర్ఎన్ఏలోని రైబోజ్ అనే రెండు చక్కెరల మధ్య తేడా ఈ ఒక్క ఆక్సిజన్ పరమాణువే. 3′ దగ్గర రెండింటిలోనూ హైడ్రాక్సిల్ ఉంటుంది. ఫాస్ఫేట్ 5′కు అతుకుతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ఫాస్ఫేట్‌ను వలయం మూలకు, అంటే 4′కే, నేరుగా తగిలించేస్తారు. 5′ అంకెను ముందే వేసుకున్నవారి బొమ్మలో ఆ పొరపాటు రాదు.

చక్కెర, క్షారం కలిస్తే న్యూక్లియోసైడు, దానికి ఫాస్ఫేట్ చేరితే న్యూక్లియోటైడు. మీరు గీసిన బొమ్మలో ఎడినిన్ క్షారాన్నీ, రైబోజ్ చక్కెరనూ ఉంచి, 5′ దగ్గర ఒకటి బదులు వరసగా మూడు ఫాస్ఫేట్లు గీస్తే అదే కణానికి శక్తినిచ్చే ఏటీపీ. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తన సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో కండరాల నుంచి వేరుచేసి ప్రకటించిన పదార్థం ఇదే. జీవశక్తి పాఠంలో చదివే ఏటీపీ, ఆర్ఎన్ఏ తయారీకి ముడిసరుకుగా వాడే ఏటీపీ ఒకటేనన్న సంగతి మన పాఠాల్లో ఇంకాస్త గట్టిగా చెప్పవలసింది. గొలుసులో చేరేటప్పుడు చివరి రెండు ఫాస్ఫేట్లు ఊడిపోయి, ఒకటే మిగులుతుంది.

క్షారాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు కేటాయించండి. ఎడినిన్, గ్వానిన్ ప్యూరిన్లు. వీటికి ఆరు భుజాల వలయం, ఐదు భుజాల వలయం అతుక్కొని ఉంటాయి. సైటోసిన్, థైమిన్, యురాసిల్ పిరిమిడిన్లు; వీటికి ఆరు భుజాల వలయం ఒక్కటే. చక్కెర 1′కు ప్యూరిన్ తన 9వ నైట్రోజన్‌తోనూ, పిరిమిడిన్ తన 1వ నైట్రోజన్‌తోనూ కలుస్తుంది. యురాసిల్ 5వ కర్బనానికి ఒక మిథైల్ గుంపు తగిలిస్తే థైమిన్ అవుతుంది కనుక, ఆ రెండింటికీ ఒకే రంగు వాడి, థైమిన్‌కు ఒక చుక్క అదనంగా పెడితే చాలు. సైటోసిన్ అప్పుడప్పుడు తన ఎమైనో గుంపును పోగొట్టుకొని యురాసిల్‌గా మారుతుంది. డీఎన్ఏలో సహజంగా థైమిన్ ఉండటం వల్లనే, అలా దారితప్పి వచ్చిన యురాసిల్‌ను కణం గుర్తించి తొలగించగలుగుతుంది.

ఇప్పుడు మొదటి న్యూక్లియోటైడు కింద రెండోదాన్ని గీసి, పైదాని 3′ ఆక్సిజన్‌ను కిందిదాని 5′ ఫాస్ఫేట్‌తో కలపండి. ఇదే ఫాస్ఫోడైఎస్టర్ బంధం. ఇలా ఎన్ని కలిపినా పై కొసన 5′, కింది కొసన 3′ మిగులుతాయి. గొలుసు దిశ అంటే అంతకుమించి ఏమీ లేదు. రెండో గొలుసును గీయడానికి కాగితాన్ని తలకిందులు చేసి అదే పద్ధతిలో గీయండి. అప్పుడు దాని 3′ కొస మొదటిదాని 5′ కొసకు ఎదురుగా వస్తుంది, క్షారాలు లోపలివైపు తిరుగుతాయి. ఎడినిన్, థైమిన్ మధ్య రెండు, గ్వానిన్, సైటోసిన్ మధ్య మూడు హైడ్రోజన్ బంధాలను చుక్కల గీతలతో చూపాలి. ప్రతి జతలోనూ ఒక ప్యూరిన్, ఒక పిరిమిడిన్ ఉండటం వల్ల రెండు గొలుసుల మధ్య దూరం ఎక్కడా మారదు.

ఆర్ఎన్ఏ సాధారణంగా ఒంటి గొలుసు. దాన్ని గీసేటప్పుడు ప్రతి 2′ హైడ్రాక్సిల్‌నూ తప్పక చూపండి, ఎందుకంటే సోడియం హైడ్రాక్సైడ్ వంటి ఆల్కలీ ద్రావణంలో ఆ ఆక్సిజనే పక్కనున్న ఫాస్ఫరస్‌పై దాడిచేసి గొలుసును తెంపుతుంది. డీఎన్ఏలో ఆ ఆక్సిజన్ లేదు, కనుక ఆ తెగులూ లేదు.

మెలిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన నమూనాకు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలోని ఎక్స్-కిరణ చిత్రాలు ముఖ్యమైన ఆధారం. వెడల్పు 2 నానోమీటర్లు, జతకూ జతకూ మధ్య 0.34 నానోమీటర్లు, ఒక చుట్టు 3.4 నానోమీటర్లు, చుట్టుకు 10 జతలు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నీటి ద్రావణంలో కొలిస్తే చుట్టుకు దాదాపు 10.5 జతలు వస్తాయి. మెలిక కుడిచేతి వాటం: ముందువైపు కనిపించే గీత కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కాలి. అచ్చువేసిన చార్టుల్లో సైతం ఇది కొన్నిసార్లు తిరగబడి ఉంటుంది, కాబట్టి చూసి గీసేవారు జాగ్రత్తపడాలి.

గీసినది సరిచూసుకోవడానికి 5′-ఎటిజిసిసిఎ-3′ అన్న వరుసను తీసుకోండి (ఎ అంటే ఎడినిన్, టి థైమిన్, జి గ్వానిన్, సి సైటోసిన్, యు యురాసిల్). దాని జత గొలుసును 5′ నుంచి చదివితే టిజిజిసిఎటి రావాలి. రెండింటి మధ్య హైడ్రోజన్ బంధాలు 15, ఒక్కో గొలుసులో ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు 5 ఉండాలి. ఆ జత గొలుసును అచ్చుగా తీసుకొని కణం తయారుచేసే ఆర్ఎన్ఏ 5′-ఎయుజిసిసిఎ-3′ అవుతుంది. హైడ్రోజన్ బంధాలు 15కు తగ్గితే గ్వానిన్, సైటోసిన్ జతల్లో మూడో చుక్కల గీత మరిచిపోయారేమో చూడండి. జత గొలుసు టిఎసిజిజిటి అని వస్తే మాత్రం దాన్ని 3′ కొస నుంచి చదివినట్లే లెక్క.